మడత చాకు ఎంపిక: చెరువు గట్టు మీద, కారు సీట్లో (ప్రాజెక్టు డైరీ)

కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మధ్య తిరిగే ఉద్యోగం నాది. ఆ రోడ్లు తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువు, ఎదురుగా మేత లారీ వస్తే ఎవరో ఒకరు రివర్స్‌లో వెనక్కి పోవాల్సిందే. ఆ రోడ్డు మీద కారు కాలువలో పడితే సీటు బెల్టు కోసుకుని బయటపడటానికీ, గట్టు మీద తాళ్లు, వలలు, బస్తాలతో రోజువారీ పనికీ ఒకే మడత చాకు సరిపోతుందా అన్నదే ఈ పని. ఆన్‌లైన్‌లో దొరికే రివ్యూలన్నీ ఫైర్ ఇంజన్ వాళ్ల గురించో, అడవుల్లో క్యాంపింగ్ గురించో. ఉప్పునీళ్ల దగ్గర పనిచేసేవాడి లెక్క వేరు. అందుకే కొలిచి, కోసి, విరగ్గొట్టి చూసినవన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇలాంటి పరీక్షలు చేసే ఓపిక లేనివాళ్లు ఎనిమిదో దశకు వెళ్లిపోవచ్చు.

మొదట రాసుకున్న షరతులు:

1. తడి చేత్తో, ఏ చేత్తోనైనా, ఒక్క చేత్తోనే తెరుచుకోవాలి.
2. సీటు బెల్టు ఒకటి రెండు లాగుల్లో తెగాలి.
3. బెల్టు కింద ఉన్న మనిషికి మొన గుచ్చుకోకూడదు.
4. చెరువు నీళ్లలో తడిసినా తెల్లారేసరికి తుప్పు పట్టకూడదు.
5. బరువు 120 గ్రాములు దాటకూడదు.
6. వెనక కొసన అద్దం పగలగొట్టే మొన ఉండాలి.

ఆరో షరతును ఐదో దశలో కొట్టేశాను. ఎందుకో అక్కడ చెబుతాను.

మొదటి దశ: చట్టం, స్క్రాపు

చట్టం సంగతి ముందు చూసుకోవడం మంచిది. ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనల్లో 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తుల ప్రస్తావన ఉంది. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. జేబులో పట్టే చాకు ఏదైనా ఈ కొలతకు చాలా లోపలే ఉంటుంది. అయితే బటన్ నొక్కగానే స్ప్రింగు మీద టక్కున తెరుచుకునే రకం జోలికి పోవద్దు. ఢిల్లీలో వాటికి 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు దగ్గరే గీత గీశారు. మన దగ్గర పోలీసు చెకింగ్‌లో అలాంటిది కనిపిస్తే ఎంత వివరించినా టెన్షనే. విమానంలో చేతి బ్యాగులో ఏ చాకూ కుదరదు, చెక్-ఇన్ లగేజీలో పెట్టాలి. మెట్రో ఎక్కే రోజు ఇంట్లో వదిలేయండి.

తర్వాత విజయవాడ ఆటోనగర్. పాత బండ్లు విప్పి అమ్మే షాపులో బెల్టులు కావాలన్నాను.

"ఏ బండికి బాబూ?"

"బండికి కాదు బాబాయ్, కోసి చూడ్డానికి."

ఆయన ఒకసారి నన్ను ఎగాదిగా చూసి, "కోయడానికైతే మంచివి ఎందుకు? అదిగో, ఆ యాక్సిడెంట్ బండివి పట్టుకుపో. గట్టిగా లాగుడు పడిన బెల్టును నేను మళ్లీ బండికి అమ్మను" అన్నాడు. ఆ షాపు మీద గౌరవం పెరిగింది. నిజంగానే ప్రమాదంలో బిగుసుకున్న బెల్టును మార్చేయాలి, మళ్లీ వాడకూడదు.

వెర్నియర్‌తో కొలిస్తే బెల్టు వెడల్పు 47 మిల్లీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. ఈ 47 అన్న అంకె గుర్తుంచుకోండి, మూడో దశలో పనికొస్తుంది. బెల్టులతో పాటు అద్దాలున్న రెండు పాత డోర్లు కూడా తీసుకున్నాను. ఒకదానికి నల్ల ఫిల్మ్ అంటించి ఉంది. కావాలనే దాన్ని ఎంచుకున్నాను.

- బెల్టులు: ₹400
- డోర్లు రెండు: ₹1,200
- కళ్లద్దాలు, తోలు గ్లౌజులు: ₹260
- మొత్తం: ₹1,860

కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా ఈ పరీక్షలేవీ చేయకండి.

రెండో దశ: మూడు చాకులు

ఆన్‌లైన్‌లో "రెస్క్యూ నైఫ్" అని కొడితే వచ్చేవాటిలో మూడు రకాలు తెప్పించాను. బ్రాండ్ల పేర్లు రాయడం లేదు. ఒకే పిడి వేర్వేరు పేర్లతో అమ్ముతున్నారు, పైగా మనం చూడాల్సింది ఆకారం, ఉక్కు, లాకు. వంటింటి తూకం మీద, వెర్నియర్‌తో తీసిన కొలతలు ఇవి:

1. నల్ల చాకు. ₹399. బ్లేడు 86 మిల్లీమీటర్లు, సగం నున్న అంచు, సగం పళ్లు. కోసు మొన. పిడిలో బెల్టు కోసే కొక్కెం, కొసన అద్దం మొన. లైనర్ లాకు (పిడి లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడును ఆపే రకం). బరువు 182 గ్రాములు. ఉక్కు రకం రాయలేదు, "స్టెయిన్‌లెస్" అని మాత్రం పెద్ద అక్షరాలతో అచ్చువేశారు.
2. డీ2 చాకు (డీ2 అన్నది ఉక్కు రకం). ₹2,650. బ్లేడు 76 మిల్లీమీటర్లు, మొత్తం నున్న అంచు, కోసు మొన. పిడికి అడ్డంగా జరిగే కడ్డీ లాకు. 108 గ్రాములు.
3. పళ్ల చాకు. ₹4,100. బ్లేడు 79 మిల్లీమీటర్లు, మొదలు నుంచి చివరిదాకా పళ్లు, మొండి మొన. బ్లేడులో బొటనవేలు పట్టే గుండ్రటి రంధ్రం. వీపు లాకు (పిడి వెనక అంచున నొక్కితే వదిలేది). ఉక్కు 8సీఆర్13ఎంఓవీ. 98 గ్రాములు.

ఇప్పటికి: ₹9,009

బరువు దగ్గరే నల్ల చాకు ఓడిపోయింది. అయినా ఎక్కువమంది కొనేది ఇదే కాబట్టి చివరిదాకా పరీక్షలో ఉంచాను.

మొదటి పరీక్ష చేతులకు. చెరువు దగ్గర మేతలో మందు, జెల్ కలిపాక చేతికి చేప నూనె అంటుకుని ఉంటుంది. సబ్బుతో కడిగినా ఓ పట్టాన పోదు. ఆ చేత్తో తెరిచి చూశాను. నల్ల చాకుకు బ్లేడు పక్కన చిన్న బొడిపె ఉంది. బొటనవేలు దాని మీద నుంచి జారి నేరుగా అంచు మీదకు పోయింది. గ్లౌజు ఉండబట్టి సరిపోయింది. డీ2 చాకుకూ బొడిపే, కానీ దానికి గరుకు గాట్లు ఉండటం వల్ల మూడింట రెండుసార్లు తెరుచుకుంది. రంధ్రం ఉన్నది మాత్రం జిడ్డు చేత్తో, గ్లౌజుతో, ఎడమ చేత్తో కూడా తెరుచుకుంది. వేలి కండ రంధ్రంలోకి కొంచెం దిగి పట్టు దొరుకుతుంది, అదే తేడా.

మూడో దశ: బెల్టు కోత

అమరిక ఇలా:

1. ఇంటి వెనక షెడ్డు దూలానికి బెల్టు ఒక కొస కట్టాలి.
2. రెండో కొసకు 25 కిలోల మేత బస్తా వేలాడదీయాలి. ఇది బిగువు బెల్టు.
3. బస్తా తీసేసి రెండు కొసలూ వదులుగా కడితే అది వదులు బెల్టు.
4. ఫోన్ స్లో మోషన్‌లో పెట్టి ఎన్ని లాగులకు తెగిందో చూడాలి.

కొత్త పదును మీద ఫలితాలు:

- నల్ల చాకు: బిగువు బెల్టుకు నాలుగు లాగులు. వదులు బెల్టు అంచుతో పాటు ముందుకొచ్చింది తప్ప తెగలేదు.
- డీ2: బిగువుకు ఒకటి, వదులుకు రెండు.
- పళ్ల చాకు: బిగువుకు ఒకటి, వదులుకు రెండు.

నల్ల చాకు ఎందుకు ఓడిందో వీడియోలో స్పష్టంగా కనిపించింది. దాని పళ్ల భాగం 30 మిల్లీమీటర్లే. బెల్టు 47. పళ్లు కొంత కోసి వదిలాక మిగతా బెల్టు జారి ముందున్న నున్న భాగం మీదకు వెళ్తుంది, అక్కడ పదును లేదు. సగం సగం అంచు "రెండు పనులకూ పనికొస్తుంది" అని అమ్ముతారు. చిన్న బ్లేడులో రెండు పనులకూ చాలినంత చోటు ఉండదు.

అసలు తేడా తర్వాత బయటపడింది. మూడు చాకులనూ రోజూ మేత బస్తాలు, అట్టపెట్టెలు కోయడానికి వాడి, మళ్లీ బెల్టు దగ్గరకు తెచ్చాను. బస్తా ప్లాస్టిక్ నేత, లోపల అంటుకున్న మేత పొడి, అట్ట ఇవన్నీ నున్న అంచును తినేస్తాయి. డీ2 అరగకుండా నిలిచే ఉక్కే. అయినా బిగువు బెల్టుకు మూడు లాగులు పట్టింది, వదులు బెల్టు సగం తెగి ఆగింది. పళ్ల చాకుకు అంతకు ముందులాగే ఒకటి, రెండు. పళ్ల కొసలు మొద్దుబారినా వాటి మధ్య వంపుల్లో పదును అలాగే ఉంటుంది, అక్కడికి బస్తా నేత పెద్దగా రాసుకోదు. రోజూ వాడే చాకు ఆపదలోనూ పనిచేయాలంటే పదును తగ్గాక ఎలా కోస్తుందన్నదే చూడాలి. పెట్టె విప్పిన రోజు అన్నీ బాగానే కోస్తాయి.

తర్వాత పుచ్చకాయ. బెల్టు కింద మనిషి ఛాతీ ఉంటుంది కదా, దాని బదులు పెద్ద పుచ్చకాయ మీద బెల్టు బిగించి కోశాను. కోసు మొన ఉన్న రెండు చాకులూ బెల్టు కిందకు దూరేటప్పుడు తొక్కలో దిగాయి. డీ2 గాటు లోతు కొలిస్తే 6 మిల్లీమీటర్లు. మొండి మొన తొక్క మీద తెల్లటి గీత ఒకటి పెట్టి ఊరుకుంది. పుచ్చకాయను సాయంత్రం పిల్లలు తినేశారు, గాట్ల సంగతి అడిగితే చెప్పలేదు.

కోసే పద్ధతి, ఎవరైనా సాధన చేయాలంటే:

1. చాకును బల్లపరుపుగా శరీరానికీ బెల్టుకూ మధ్య దూర్చండి. పదును బయటి వైపుకు ఉండాలి.
2. రెండో చేత్తో బెల్టును లాగి బిగువుగా పట్టుకోండి. వదులు బెల్టుకు ఇదే మందు.
3. బెల్టు నడుమ నొక్కకుండా అంచు నుంచి మొదలుపెట్టి ఏటవాలుగా లాగండి.
4. ముందు భుజం దగ్గర, తర్వాత నడుం దగ్గర. ఒకచోట కోస్తే కొన్ని బండ్లలో రెండో భాగం వదులవుతుంది, కొన్నింట్లో కాదు.

విడిగా దొరికే కొక్కెం కట్టర్ ఒకటి ₹280కి తెచ్చి చూశాను. బిగువు బెల్టు ఒకే లాగుకు తెగింది, పుచ్చకాయకు గీత కూడా పడలేదు. బెల్టు మడతపడితే మాత్రం కొక్కెం నోట్లో పట్టదు. నోరు 3 మిల్లీమీటర్లు, మడతపడిన బెల్టుకు బురద చేరితే అంతకు మించుతుంది. నల్ల చాకు పిడిలో ఉన్న కొక్కెం ఏ బెల్టునూ పూర్తిగా కోయలేదు. బ్లేడు ముక్క లోపల మరీ లోతుగా ఉంది.

నాలుగో దశ: లాకు

కోసేటప్పుడు చాకు వేళ్ల మీద మూసుకుంటే అక్కడే ఇంకో ఆపద. పరీక్ష చిన్నదే. పిడిని వైస్‌లో బిగించి, పదును కిందకు ఉండేలా పెట్టి, ఇరుసు నుంచి 6 సెంటీమీటర్ల దూరంలో బ్లేడుకు తీగ చుట్టి బరువు వేలాడదీశాను. ఆ దిశలో లాగితే చాకు మూసుకోవడానికి చూస్తుంది.

నల్ల చాకు 4 కిలోలకే లాకు జారి మూసుకుంది. లోపల చూస్తే లైనర్ రేకు బ్లేడు మడమను అంచు దగ్గర మాత్రమే తాకుతోంది. మిగతా రెండూ 10 కిలోలు మోశాయి. అక్కడితో ఆపాను. చేతులతో చాకు వీపును బల్ల మీద కొట్టి పరీక్షించే వీడియోలు చాలా ఉన్నాయి, దయచేసి అలా చేయకండి.

నల్ల చాకును ఇక ఆకు కూడా కోయనివ్వకుండా పక్కన పెట్టాను. అద్దం మొన పరీక్ష ఒకటే మిగిలింది దానికి.

ఐదో దశ: అద్దం

ఇక్కడ కొంచెం నింపాదిగా చదవండి. చాకు కన్నా అద్దం గురించే ఎక్కువ అపోహలు ఉన్నాయి.

కారు ముందు అద్దం లామినేటెడ్. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. కొడితే పగుళ్లు వస్తాయి కానీ దారి ఇవ్వదు. పక్క అద్దాలు ఎక్కువగా టెంపర్డ్. వాటి మీద చాలా చిన్న చోట గట్టి దెబ్బ పడితే మొత్తం చిన్న చిన్న గుళ్లుగా రాలిపోతుంది. నడుమ కొడితే అద్దం వంగి దెబ్బను మింగేస్తుంది. మూలన కొట్టాలి.

డోరును నిలబెట్టి, కార్లో కూర్చున్నట్టే స్టూలు మీద కూర్చుని, చెయ్యి ఊపడానికి 40 సెంటీమీటర్ల కన్నా చోటు లేకుండా పెట్టుకున్నాను. నల్ల చాకు మొనతో మూలన కొట్టాను. ఠంగుమని వెనక్కి వచ్చింది. ఎంత కొట్టినా అంతే. భూతద్దంలో చూస్తే మొన చదునైపోయింది. ఫైలుతో రుద్దితే అరిగింది కూడా. ఇలాంటి మొనలకు వాడే బాగా గట్టి పదార్థం టంగ్‌స్టన్ కార్బైడ్. అసలుదైతే ఫైలు జారిపోవాలి, గీత పడకూడదు. అద్దం మొన ఉన్న చాకు ఇప్పటికే మీ దగ్గరుంటే ఈ ఫైలు పరీక్ష అర నిమిషం పని.

అదే అద్దానికి ఆటోమేటిక్ సెంటర్ పంచ్ పెట్టాను. ఇనుముకు డ్రిల్ వేసేముందు గుర్తు పెట్టడానికి లేత్ వర్క్‌షాపుల్లో వాడేదే ఇది. హార్డ్‌వేర్ షాపులో ₹240. లోపల స్ప్రింగు ఉంటుంది. మూలన ఆనించి నొక్కితే స్ప్రింగే కొడుతుంది, చెయ్యి ఊపక్కర్లేదు. టప్ మంది, అద్దం మొత్తం గుళ్లు గుళ్లుగా రాలింది. నీళ్లలో మునిగితే చేతి ఊపుకు బలం ఉండదు, స్ప్రింగుకు ఆ ఇబ్బంది లేదు.

రెండో డోరు, ఫిల్మ్ అంటించినది. తాళాల గుత్తికి తగిలించుకునే స్ప్రింగు పరికరం (₹450) నొక్కాను. అద్దమంతా ఒక్కసారిగా తెల్లబడింది కానీ ఉన్నచోటే నిలబడింది. ఫిల్మ్ ముక్కలన్నిటినీ పట్టుకుని ఉంది. గ్లౌజు చేత్తో పై మూల నుంచి తోస్తూ పోతే దుప్పటి ఊడినట్టు మొత్తం బయటకు వంగింది. ఇందుకు 20 సెకన్ల పైనే పట్టింది. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్మ్‌ల మీద ఆంక్ష పెట్టాక కూడా చాలా బండ్లకు అవి కనిపిస్తూనే ఉన్నాయి. పోలీసు జరిమానా సంగతి అలా ఉంచి, ఈ 20 సెకన్లు గుర్తుపెట్టుకోండి.

అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంస్థ 2019లో ఇలాంటి ఆరు పరికరాలు పరీక్షించింది. టెంపర్డ్ అద్దాన్ని నాలుగు పగలగొట్టాయి. సుత్తి రకాల కన్నా స్ప్రింగు రకాలు మేలని తేలింది. లామినేటెడ్ పక్క అద్దాన్ని ఒక్కటీ పగలగొట్టలేదు. నా రెండు డోర్ల ఫలితమూ దానికి ఎదురు చెప్పడం లేదు.

అందుకే ఆరో షరతు కొట్టేశాను. చాకుకు అద్దం మొన అక్కర్లేదు. చాకు పట్టుకున్న చేత్తోనే అద్దం కొట్టడం ఎలాగూ తెలివైన పని కాదు.

సీటు హెడ్‌రెస్ట్ ఊడదీసి దాని ఊచలతో అద్దం పగలగొట్టమని వాట్సాప్‌లో తిరిగే చిట్కా గురించి ఒక్క మాట. హెడ్‌రెస్ట్‌లను అందుకోసం తయారు చేయరు. కొన్ని బండ్లలో అది అసలు ఊడిరాదు.

ఇప్పటికి: ₹9,979 (కొక్కెం 280, పంచ్ 240, గుత్తి పరికరం 450 కలిపి)

ఆరో దశ: సీట్లో కూర్చుని

ఇదే మొత్తం లెక్కను మార్చిన దశ.

ఆగి ఉన్న కార్లో, బెల్టు పెట్టుకుని, కుడి జేబులో పళ్ల చాకు క్లిప్పుతో పెట్టుకున్నాను. పక్కన మా ఆఫీసు కుర్రాడు స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు. మన బండ్లలో డ్రైవరు కుడి పక్క. బెల్టు కుడి భుజం మీద నుంచి వస్తుంది, దాని కింది భాగం కుడి తుంటి మీద సరిగ్గా జేబు నోటికి అడ్డంగా ఉంటుంది. కుదురుగా, నెమ్మదిగా తీస్తే 11 సెకన్లు. బెల్టును గుంజి లాక్ అయ్యేలా చేసి ప్రయత్నిస్తే చాకు బయటికే రాలేదు. ఎడమ జేబులో పెడితే 6 సెకన్లు, కానీ అక్కడ బకిల్ తగులుతూ ఉంటుంది.

"అన్నా, దీనికంటే బకిల్ నొక్కడం ఈజీ కదా" అన్నాడు కుర్రాడు. ముమ్మాటికీ నిజం. బకిల్ పనిచేస్తే ఏ చాకూ అక్కర్లేదు. ఇదంతా బకిల్ పనిచేయని రోజు కోసం.

కొక్కెం కట్టర్‌ను సీటు ఎడమ పక్క, హ్యాండ్ బ్రేక్ వైపు పెడితే కళ్లు మూసుకుని కూడా 2 సెకన్లలో చేతికి వచ్చింది. సెంటర్ పంచ్ దాని పక్కనే. అంటే బండికి సంబంధించిన పని బండిలోని పరికరాలదే. జేబులో చాకు గట్టు మీద పనికి, లేదా బయట నిలబడి లోపల ఇరుక్కున్నవాళ్ల బెల్టు కోయడానికి.

కాలువలో పడితే ఏం చేయాలన్నది కూడా ఇక్కడే రాస్తాను. కెనడాలోని మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ మునిగే కార్ల మీద చాలా పరీక్షలు చేశారు. ఆయన చెప్పేది మొదటి నిమిషం గురించే:

1. బెల్టు తీయండి.
2. కిటికీ దించండి. కారు తేలుతున్న ఆ కాసేపు పవర్ విండో సాధారణంగా పనిచేస్తుంది. దిగకపోతేనే పంచ్.
3. ముందు పిల్లల్ని పంపి, వెనకే మీరు.

డోరు తెరవబోతే నీళ్లు లోపలికి దూసుకొస్తాయి. ఫోన్ తీసి కాల్ చేసే వ్యవధి ఉండదు.

బస్సు సంగతి వేరు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్లీ బస్సు మంటలు. రెండూ తెల్లవారుజామున, జనం నిద్రలో ఉండగా జరిగినవే. నైట్ బస్సు ఎక్కితే అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూసుకోవడం సరే, గుత్తి పరికరం బ్యాగు బయటి జిప్పుకు వేలాడేలా పెట్టుకున్నాను. బ్యాగు తల కింద ఉంటుంది కాబట్టి చీకట్లోనూ దొరుకుతుంది.

ఏడో దశ: ఉప్పు, తుప్పు, రోజువారీ పని

ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 15 పీపీటీ (వెయ్యి వంతుల్లో 15 వంతుల ఉప్పు) చూపిన చెరువు నీళ్లలో గుడ్డ తడిపి, రెండు చాకులనూ చుట్టి రాత్రంతా ఉంచాను. పొద్దునకు డీ2 బ్లేడు మీద, ముఖ్యంగా పదును పక్కన, నారింజ చుక్కలు. డీ2లో క్రోమియం సుమారు 12 శాతం ఉంటుంది. ఆ అంకె చూస్తే స్టెయిన్‌లెస్ అనిపిస్తుంది కానీ అందులో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోతుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్లేవాళ్లకు డీ2 చక్కగా సరిపోతుంది. మచిలీపట్నం, కాకినాడ, ఒంగోలు వాళ్లకు మాత్రం సిఫారసు చేయను. పళ్ల చాకు బ్లేడు మెరుస్తూనే ఉంది. క్లిప్పు స్క్రూలకు తుప్పు వచ్చింది, వాటిని స్టెయిన్‌లెస్ స్క్రూలతో మార్చాను. అవి పాత సామాన్లలో దొరికాయి, ఖర్చు లేదు. కార్బన్ బాగా తగ్గించి నైట్రోజన్ కలిపే హెచ్-1, ఎల్‌సీ200ఎన్ లాంటి ఉక్కులు ఉప్పునీళ్లకే పెట్టింది పేరు, కానీ వాటి ధర ఈ బడ్జెట్‌కు అందదు.

రోజువారీ పనిలో పళ్ల చాకు ఎలా ఉందంటే:

- నైలాన్ తాడు, పాత వల: అద్భుతం. చెరువు నీళ్లకు గాలి కలిపే ఏరేటర్ చక్రానికి తాడు చుట్టుకుంటే (ముందు కరెంటు ఆపి, స్టార్టర్ దగ్గర మనిషిని నిలబెట్టి) తడి ముడులను కూడా ఇట్టే కోసేస్తుంది. పట్టుబడి రోజు (రొయ్యలు పట్టే రోజు) కాలికి వల చుట్టుకున్నవాడిని విడిపించడానికి మొండి మొన ఎంత ధైర్యమో పక్కనున్నవాళ్లకు తెలుస్తుంది.
- మేత బస్తా: కోస్తుంది కానీ నేత పోగులు లాగి చింపేస్తుంది. బస్తా మళ్లీ వాడుకునే రైతు మొహం చిట్లిస్తాడు.
- పార్శిల్ టేపు: మొన లేకపోవడం చికాకే.
- మామిడికాయ: వద్దు.

బస్తాలకు, పార్శిళ్లకు కిట్ బ్యాగులో ₹30 పేపర్ కట్టర్ పడేశాను. ముక్క విరిచేస్తే కొత్త పదును. అంత చవక వస్తువు ఈ పనిలో డీ2తో సమానంగా నిలవడం చూసి ₹2,650 గుర్తొచ్చింది. డీ2 చాకు మా బావకు ఇచ్చేశాను, ఆయన ఉండేది మియాపూర్‌లో.

ఇప్పటికి: ₹10,009

ఎనిమిదో దశ: మే నెల ఎండ

కొక్కెం, పంచ్ రెండింటినీ వెల్క్రో పట్టీతో (₹90) సీటు పక్క ప్లాస్టిక్‌కు అంటించాను. మే నెలలో మధ్యాహ్నం చెరువు గట్టున నిలిపిన కార్లో జిగురు కరిగి రెండూ సీటు కిందకు జారిపోయాయి. బ్రేకు పెడల్ కిందకు వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మార్చిన పద్ధతి:

1. సీటు పట్టా బోల్టుకు చిన్న ఎల్ ఆకారపు రేకు బిగించాను. రేకు, క్లాంపులు, నట్లు కలిపి ₹120.
2. రేకుకు కొక్కెం తొడుగు, పంచ్ క్లాంపు విడివిడిగా.
3. రెండింటికీ అర మీటరు నైలాన్ దారం. బండి తలకిందులైనా చేతికి అందనంత దూరం పోవు.
4. సీటును ముందుకూ వెనక్కూ పూర్తిగా జరిపి ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాను.

డోరు పక్క స్తంభం మీద బిగించొద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అది మీ మీదకే వస్తుంది. డ్యాష్‌బోర్డు సొరుగులో పెట్టడం, పెట్టకపోవడం ఒకటే.

మొత్తం: ₹10,219

పరీక్షలు వదిలేసి నేరుగా చేసేవాళ్లకు: చాకు 4,100, కొక్కెం 280, పంచ్ 240, పేపర్ కట్టర్ 30, రేకు సామాను 120. ₹4,770. బస్సు ప్రయాణాలు ఎక్కువ ఉంటే గుత్తి పరికరం ₹450 అదనం.

తొమ్మిదో దశ: పదును, నూనె, ఇతర బండ్లు

పళ్ల చాకును వీధిలో సాన పట్టేవాళ్లకు ఇవ్వకండి. తిరిగే చక్రం మీద పెడితే పళ్లు చదునైపోతాయి. సన్న స్క్రూడ్రైవర్ కాడకు 600 నంబరు వాటర్ పేపర్ చుట్టి, వంపు ఉన్న వైపు మాత్రమే ఒక్కో పంటి మధ్య నాలుగైదు సార్లు రాయాలి. వెనక వైపు వచ్చిన ముడుతను చదునుగా ఒక్కసారి రాసి తీసేయాలి. ఇరుసుకు గట్టు మీద అందరూ వేసే కొబ్బరి నూనె దుమ్ముతో కలిసి బంకలా తయారవుతుంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు, అంతకు ముందు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. సెంటర్ పంచ్ స్ప్రింగుకు కూడా ఇదే. నెలకోసారి చెక్క మీద నొక్కి చూస్తున్నాను.

చివరగా ఆఫీసు బండ్ల అద్దాలన్నీ చూశాం. అద్దం కింది మూలన ముద్రలో టెంపర్డ్ లేదా లామినేటెడ్ అని, కొన్నింటికి పొట్టి సంకేతాల్లో ఉంటుంది. ఒక కొత్త బండికి ముందు డోర్ల రెండు అద్దాలూ లామినేటెడ్, వెనక డోర్లవి టెంపర్డ్. ఆ బండిలో పంచ్‌ను డ్రైవరు పక్క నుంచి తీసి ముందు రెండు సీట్ల మధ్యకు మార్చాం, వెనక అద్దం దాకా చెయ్యి చేరేలా. డ్యాష్‌బోర్డు మీద మార్కర్‌తో "అద్దం: వెనక డోరు" అని రాశాం. మీ బండికి పంచ్ కొనేముందు నాలుగు అద్దాల ముద్రలూ ఫోటో తీసుకుని చూడండి. అర్థం కాని సంకేతం ఉంటే షోరూం సర్వీసు వాళ్లను అడిగి రాయించుకోండి.